ముట్టుకుంటే వెలిగే నీళ్లు

పిల్లలూ, వెలుగుకి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒకసారి గుర్తు చేసుకోండి. వెలుగు, వెలుతురు, కాంతి, మెరుపు, తళుకు, మిణుకు. ఇవన్నీ ఒకటి కావు. దీపానిది వెలుగు. కిటికీలోంచి గదిలోకి వచ్చేది వెలుతురు. మబ్బులోది మెరుపు. చీర అంచుది తళుకు. ఉందా లేదా అన్నట్టు ఒక్క క్షణం కనిపించి ఆరిపోయేది మిణుకు. మిణుగురు పురుగు పేరులో ఉన్నది ఈ మిణుకే. ఈ పాఠంలో మనం సముద్రంలో ఉండే మిణుకు గురించి చెప్పుకుందాం. చీకటి రాత్రి చెయ్యి పెడితే, తెడ్డు వేస్తే, చేప తోక ఆడిస్తే నీలంగా వెలిగి వెంటనే ఆరిపోయే నీళ్లు మన దేశంలోనే ఉన్నాయి. మీలో కొందరు ఆ నీళ్ల పక్కనే కాపురముండి కూడా వాటిని చూసి ఉండకపోవచ్చు.

దీనికి పుస్తకాల్లో వాడే మాట జీవదీప్తి. జీవుల యొక్క దీప్తి అని విగ్రహవాక్యం. షష్ఠీ తత్పురుష సమాసం. పరీక్షలో అడిగితే అలా రాయండి. అర్థం మాత్రం ఇంకొంచెం లోతుగా ఉంది. చంద్రుడిది అప్పు తెచ్చుకున్న వెలుగు. దీపానిది నూనె కాలితే వచ్చే వెలుగు. ప్రాణమున్న జీవి తన ఒంట్లోనే, వేడి దాదాపు పుట్టకుండా తయారు చేసుకునే వెలుగు జీవదీప్తి. మిణుగురుకి ఉంది, కొన్ని పుట్టగొడుగులకు ఉంది, లోతు సముద్రపు చేపల్లో చాలావాటికి ఉంది. తీరం దగ్గర మనకు కనిపించే నీలి వెలుగు మాత్రం ఎక్కువగా డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులది. ఒకటే కణం, ఈదడానికి కొరడాల్లాంటి రెండు కశాభాలు. వీటిలో చాలావాటిని సూక్ష్మదర్శిని లేకుండా చూడలేం. కొన్ని మొక్కల్లాగా ఎండతో ఆహారం తయారు చేసుకుంటాయి, కొన్ని తమకంటే చిన్నవాటిని మింగి బతుకుతాయి. నాక్టిల్యూకా అనేది ఈ రెండో రకం. అది కాస్త పెద్దది, రెండు మిల్లీమీటర్ల వరకూ పెరుగుతుంది. గాజు గ్లాసులో నీళ్లు పట్టి వెలుతురుకి అడ్డంగా పెడితే నానిన సగ్గుబియ్యపు నలుసులా కనిపిస్తుంది. లాటిన్‌లో ఆ పేరుకి అర్థం రాత్రి వెలుగు. మనం కావాలంటే నిశాదీపం అనుకోవచ్చు.

వెలుగు ఎలా పుడుతుంది? దీని మూలం కనిపెట్టినవాడు రఫాయెల్ దుబువా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త. 1880ల్లో ఆయన ముందు ఒక మెరిసే పురుగుతోనూ, తర్వాత రాతిని తొలుచుకుని ఉండే ఒక ఆల్చిప్పతోనూ చేసిన ప్రయోగం వంటింట్లో చేసినంత సులువుగా ఉంటుంది. మెరిసే భాగాన్ని చన్నీళ్లలో నూరాడు. ఆ రసం కాసేపు వెలిగి ఆరిపోయింది. మరో ముక్కను వేడినీళ్లలో వేశాడు. అది వెంటనే ఆరిపోయింది. ఆరిపోయిన ఆ రెండు రసాల్నీ కలిపితే మళ్లీ వెలుగు వచ్చింది. అంటే వెలుగుకి రెండు వస్తువులు కావాలి. ఒకటి ఖర్చయిపోయేది, వేడికి తట్టుకునేది. దానికి లూసిఫెరిన్ అని పేరు పెట్టాడు. రెండోది ఖర్చు కాకుండా పని చేయించేది, వేడికి చెడిపోయేది. అది లూసిఫెరేజ్ అనే ఎంజైము. చన్నీటి రసంలో మొదటిది అయిపోయింది, వేడినీటి రసంలో రెండోది చెడిపోయింది. కలిపితే లోటు తీరింది. ఈ రెండింటికీ తోడు ఆక్సిజన్ కావాలి. వెలిగే కట్టెను గాజు బుడ్డిలో పెట్టి గాలి తీసేస్తే వెలుగు పోతుందనీ, గాలి వదిలితే తిరిగి వస్తుందనీ రాబర్ట్ బాయిల్ 1660ల్లోనే చూపించాడు. అప్పటికి ఆక్సిజన్ అనే మాటే పుట్టలేదు.

మిణుగురు లూసిఫెరిన్ వేరు, డైనోఫ్లాజెల్లేట్ లూసిఫెరిన్ వేరు. పేరొక్కటే. సముద్రజీవిలో ఉండేది ఆకుల్లోని పత్రహరితానికి దగ్గరి చుట్టం, దాని అణువు కట్టు అలా ఉంటుంది. ఆ సరుకు కణం అంచున చిన్న చిన్న సంచుల్లో సిద్ధంగా ఉంటుంది. నీరు కదిలి కణం గోడను నొక్కగానే లోపల ఒక విద్యుత్ సంకేతం పరుగెత్తుతుంది. కణం మధ్యలోని రిక్తిక నుంచి హైడ్రోజన్ అయాన్లు ఆ సంచుల్లోకి దూకుతాయి. ఆమ్లగుణం పెరగగానే లూసిఫెరిన్‌ను పట్టి ఉంచిన ప్రోటీను దాన్ని వదిలేస్తుంది, ఎంజైము మేలుకుంటుంది, నీలి మెరుపు వస్తుంది. మొత్తం వ్యవహారం సెకనులో పదో వంతు. పగలు ఎంత కదిపినా వెలగదు. వాటి ఒంట్లో గడియారం ఉంది, పొద్దు కుంకాకే ఈ దుకాణం తెరుస్తాయి. నీలమే ఎందుకంటే సముద్రపు నీటిలో ఎక్కువ దూరం పోయేది ఆ రంగే.

ఎందుకు వెలుగుతాయన్నది మాకు ఇష్టమైన భాగం. కోపిపాడ్ అనే చిన్న రొయ్యలాంటి జీవి వీటిని తింటుంది. అది దగ్గరికి వచ్చినప్పుడు పుట్టే అలజడికి కణం మెరుస్తుంది. ఆ మెరుపుకి కోపిపాడ్ బెదిరి పోవచ్చు. పోకపోతే, ఆ వెలుగులో కోపిపాడ్ ఎక్కడుందో చేపకు తెలిసిపోతుంది. దొంగ ఇంట్లో దూరితే ఇంటివాళ్లు కేక పెట్టి వీధిలోవాళ్లని లేపుతారే, అదీ లెక్క. శాస్త్రవేత్తలు కూడా దీన్ని దొంగల గంట సిద్ధాంతం అనే పిలుస్తారు. మనం అబ్బా ఎంత బాగుందో అని చెయ్యి ఆడించే ప్రతిసారీ ఆ జీవి మనల్ని చూసి పెడుతున్నది కేక. ఈ మాట మనసులో పెట్టుకుని మిగిలింది చదవండి.

మేము పనిచేసిన చోట్లలో అండమాన్ ఒకటి. అక్కడి బజార్లలో తెలుగు తరచుగా వినిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ దీవుల్లో చాలా ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. అక్కడి నుంచి పడవలో రెండు గంటల ప్రయాణం స్వరాజ్ ద్వీప్. 2018 వరకూ హేవ్‌లాక్ అనేవారు, ఇప్పటికీ చాలామంది నోట అదే పేరు. ఆ దీవిలో మడ అడవుల మధ్య ఉప్పుటేరులో రాత్రిపూట కయాక్ మీద తీసుకెళ్లి ఈ వెలుగు చూపించే గైడులున్నారు.

అండమాన్‌కు కొత్తగా బదిలీ అయి వచ్చిన పిల్లలు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది: ఇక్కడ ఇంత తొందరగా చీకటి ఎందుకు పడుతుంది? చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. స్వరాజ్ ద్వీప్ ఉన్నది 93 డిగ్రీల దగ్గర. తేడా పదిన్నర డిగ్రీలు, అంటే 42 నిమిషాలు. గడియారం ఒకటే, సూర్యుడు మాత్రం అంత ముందే వచ్చి అంత ముందే వెళ్లిపోతాడు. ఈ 4 నిమిషాల లెక్క మళ్లీ కావాలి, మరచిపోకండి.

మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉండేది. మూడేళ్లుగా ఈ వెలుగు చూడాలని కోరిక. అందరూ అమావాస్యకే వెళ్లాలన్నారు. ఒక అమావాస్యకు పరీక్షలు, ఒకదానికి తుఫాను హెచ్చరిక, ఒకదానికి జ్వరం. అంతలో వాళ్ల నాన్నగారికి రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌కు బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. అక్కడి నుంచి ఎటు వెళ్లినా సముద్రానికి వందల కిలోమీటర్లు. ఇక మిగిలినవి పది రోజులు. ఖాళీగా దొరికిన ఒకే ఒక్క రాత్రి మాఘ శుద్ధ షష్ఠి. ఆకాశంలో సగానికి కాస్త తక్కువ చంద్రుడు. పిల్ల మొహం చిన్నబోయింది. వెన్నెట్లో ఈ మిణుకు కనిపించదు కదా.

మేము పంచాంగం తీశాం. తిథి అంటే ఏమిటి? సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అమావాస్య అనే మాటలోనే ఆ లెక్క మొదలవుతుంది: అమా అంటే కలిసి, వాస్య అంటే ఉండడం, సూర్యచంద్రులు ఒకేచోట ఉన్న రోజు. ఆ రోజు ఇద్దరూ కలిసే అస్తమిస్తారు. తర్వాత తిథికి 12 డిగ్రీల చొప్పున చంద్రుడు వెనకబడతాడు. 12ని 4తో గుణించండి: 48 నిమిషాలు. ఈలోగా చంద్రుడు తానూ కాస్త ముందుకు జరుగుతాడు కాబట్టి 50 అనుకుందాం. షష్ఠి అంటే ఆరు. ఆరు యాభైలు మూడు వందల నిమిషాలు, అంటే ఐదు గంటలు. ఐదున్నరకు పొద్దు గుంకితే చంద్రుడు పదిన్నరకు పోవాలి, ఓ అరగంట అటూ ఇటూగా. అంటే అర్ధరాత్రి దాటాక ఆకాశం అమావాస్యదే. ఆ లెక్క నోటుపుస్తకంలో వేసింది ఆ అమ్మాయే. గైడుకి ఫోన్ చేసి, అర్ధరాత్రి దాటాక తీసుకెళ్తారా భయ్యా అని అడిగింది.

గైడు బెంగాలీ కుటుంబానికి చెందిన యువకుడు. చంద్రుడి లెక్కకు ఒప్పుకున్నాడు గానీ, నీళ్ల లెక్క వేరే ఉందన్నాడు. మడ అడవిలోకి కయాక్ పోవాలంటే పోటు ఉండాలి. ఆటు సమయంలో ఆ ఉప్పుటేరులో బురదే. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎత్తుగా వస్తుంది. మధ్య తిథుల్లో సూర్యచంద్రుల లాగుడు చెరో వైపు కాబట్టి తక్కువగా వస్తుంది. ఆ రోజు పోటు తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో ఉంది. రెండున్నరకు బయల్దేరి నీళ్లు చాలినంత దూరం పోదాం, చాలకపోతే వెనక్కి వచ్చేద్దాం, మాట ఇవ్వలేను అన్నాడు. ఇలా మాట ఇవ్వలేనని చెప్పే గైడునే నమ్మాలని మా అభిప్రాయం. ఏ రాత్రి అయినా వెలుగు ఖాయం అని చెప్పేవాళ్ల దగ్గర జాగ్రత్తగా ఉండండి.

ఇంకో చిక్కు వచ్చింది. ఆ అమ్మాయి తమ్ముడికి ఆరేళ్లు. రాత్రి కయాక్‌కు అంత చిన్నవాళ్లని ఎక్కించనని గైడు ఖండితంగా చెప్పాడు. అండమాన్ ఉప్పుటేళ్లలో ఉప్పునీటి మొసళ్లుంటాయి. ఎక్కడికి పోవచ్చో, ఎక్కడికి కూడదో స్థానికుల మాటే శాసనం. వాడు ఏడ్చాడు. చివరికి అమ్మతో ఒడ్డునే ఉండేట్టు ఒప్పందం.

కయాక్ గురించి రెండు మాటలు. ఇది ఆర్కిటిక్ మంచు ప్రాంతంలోని ఇన్యూట్ జనం వేట పడవ. కట్టెతోనో ఎముకలతోనో గూడు కట్టి సీలు చర్మం కప్పేవారు. ఇప్పుడు మనకిచ్చేవి ప్లాస్టిక్‌వి. ఇద్దరు కూర్చోవచ్చు. తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. ఇంగ్లీషులో కయాక్ అన్న మాట ఎటు నుంచి చదివినా ఒకటే. తెలుగు అక్షరాల్లో రాస్తే ఆ సరదా పోతుంది, అయినా మనకు దిగులు లేదు, మనకు వికటకవి ఉన్నాడు. చదివి చూడండి. ఈ వెలుగు చూడడానికి మోటారు పడవ కన్నా కయాక్ మేలు కావడానికి కారణాలు సులువు: చప్పుడు లేదు, నూనె కారదు, పంకా నీటిని చిలకదు, మన చెయ్యి నీటికి జానెడు దూరంలో ఉంటుంది.

లైఫ్ జాకెట్ల పట్టీలు బిగించాక గైడు పెట్టిన మొదటి షరతు అందరి ఫోన్లూ సంచిలో వేయడం. దీనికి కారణం మర్యాద కాదు, మన కన్ను. కంటి వెనక పొరలో రంగులు చూసే శంకుకణాలు, మసక వెలుగులో చూసే దండకణాలు అని రెండు రకాలున్నాయి. దండకణాల్లో రొడాప్సిన్ అనే వర్ణకం ఉంటుంది. వెలుతురు తగిలితే అది విరిగిపోతుంది; చీకట్లో మళ్లీ పేరుకోవడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. అది తయారయ్యేది విటమిన్ ఎ నుంచే. క్యారెట్, మునగాకు తినమని ఇంట్లో చెప్పేది అందుకే. అరగంట ఓపిక పట్టి సంపాదించుకున్న చీకటి చూపు ఒక్కసారి ఫోన్ తెర వెలిగితే పోతుంది. మనది మాత్రమే కాదు, పక్క కయాక్‌లోవాళ్లది కూడా. మాతో వచ్చిన పెద్దవాళ్లలో ఒకరు చేతి గడియారాన్ని కూడా తీసి జేబులో వేసుకోవాల్సి వచ్చింది, అది వెలిగే రకం.

మొదటి పావుగంట ఏమీ కనిపించలేదు. నల్లటి నీళ్లు, నల్లటి చెట్లు, పైన చుక్కలు. అండమాన్ మడ అడవిలో ఉప్పుపొన్న జాతి చెట్లు ఎక్కువ. గొడుగు ఊచల్లా వంగిన ఊతవేళ్ల మీద నిలబడి ఉంటాయి. కాకినాడ దగ్గర కోరింగ చూసినవాళ్లకు ఈ చెట్లు కొత్త కాదు. తెడ్డు చివర ఏదో బూడిద రంగు పొగలాంటిది ఆడుతోందని అమ్మాయి అంది. అదే, అన్నాడు గైడు. తెడ్డు ఆపండి, సూటిగా చూడకండి, కాస్త పక్కకి చూడండి. చిత్రం కాదు ఇది. కంటి నడిమధ్య దండకణాలు లేవు, పక్కన ఉన్నాయి. పక్కకి చూస్తే నిజంగానే ఎక్కువ కనిపిస్తుంది.

తర్వాత కళ్లు తెరుచుకున్నట్టయింది. తెడ్డు ముంచిన చోట గుప్పెడు రవ్వ చల్లినట్టు నీలం తెలుపు చుక్కలు. తెడ్డు ఎత్తితే దాని అంచు నుంచి జారిన బొట్లు నీటిలో పడి ఒక్కొక్కటీ ఒక వలయంగా వెలిగాయి. కయాక్ ముక్కు దగ్గర ఇటొకటి అటొకటి రెండు సన్నని గీతలు. ఎవరో అలికిడి చేస్తే వేళ్ల మధ్య నుంచి చేప ఒకటి దూసుకుపోయింది. చేప కనిపించలేదు, అది పోయిన దారి కనిపించింది, తోకచుక్కలాగా. తమిళంలో నక్షత్రాన్ని విణ్మీన్ అంటారు, ఆకాశపు చేప అని అర్థం. ఆ రాత్రి నీళ్లలో ఉన్నది చుక్కో చేపో విడదీసి చెప్పడం కష్టం.

ఒక చోట నీళ్లు తగ్గి కయాక్ అడుగు బురదకు రాసుకుంది. ఇంతకు మించి లోపలికి వద్దని గైడు ఆపేశాడు. లోపల ఇంకా బాగుంటుందట. అమ్మాయి ఏమీ అనలేదు. కాసేపటికి నెమ్మదిగా అడిగింది: భయ్యా, ఒక సీసాలో నీళ్లు పట్టుకోనా, తమ్ముడికి చూపించాలి.

గైడు వద్దన్నాడు. సీసాలో ఊపితే రెండుసార్లు, మూడుసార్లు వెలుగుతాయి, తర్వాత ఆగిపోతాయి, పొద్దున్నకి చచ్చిపోతాయి అన్నాడు. ఆయన చెప్పింది శాస్త్రం ఒప్పుకునే మాటే. ఒక కణం దగ్గర ఆ రాత్రికి ఉన్న లూసిఫెరిన్ కొంచెమే. ఊరికే కదిపితే సరుకు ఖర్చయిపోతుంది, మళ్లీ నింపుకోవడానికి సమయం కావాలి. ఎండతో బతికే రకాలైతే ముందు రోజు ఎండ బాగా కాస్తే బాగా వెలుగుతాయి, మబ్బు పట్టిన రోజు తర్వాతి రాత్రి డీలాగా ఉంటాయి. అంటే కేక పెట్టడానికి కూడా బలం కావాలి. అనవసరంగా పెట్టించిన కేకలన్నీ నిజంగా కోపిపాడ్ వచ్చినప్పుడు కావలసినవే. అందుకే ఆ గైడు నీళ్లను ఊరికే చిలకనివ్వడు. ముంచండి, చూడండి, ఆగండి అంటాడు. అందరు గైడులూ అలా ఉండరు. తెడ్డుతో నీళ్లు ఎగజిమ్మించి ఫోటోలు తీయించేవాళ్లనీ మేము విన్నాం. కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికోలో మస్కీటో బే అనే ప్రసిద్ధమైన వెలుగు కయ్య ఉంది. 2006లో ప్రపంచంలోకెల్లా ప్రకాశవంతమైనదిగా గిన్నిస్ రికార్డు కెక్కింది. అక్కడ కయాక్‌లకు అనుమతి ఉంది, ఈతకు లేదు. ఒంటికి రాసుకున్న క్రీములు, దోమల మందులు నీళ్లలో కలిసి ఆ జీవులకు హాని చేస్తాయని.

సీసా మూత పెట్టేసి అమ్మాయి చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచింది. అంతసేపూ అలాగే ఉంచింది.

ఒడ్డుకి వచ్చేసరికి తమ్ముడు అమ్మ ఒళ్లో నిద్రపోతున్నాడు. లేపితే మొదటి మాట, నాకేం తెచ్చావక్కా? ఏమీ లేదురా అని ఆమె అనబోయి, తడిసిన చొక్కా చెయ్యి వాడి ముందుకు చాపింది. గట్టిగా కాదు, ఒక్కసారి ఇలా రాయి అంది. వాడు బొటనవేలితో గుడ్డ మీద రాశాడు. మూడు చుక్కలు వెలిగాయి. మూడంటే మూడే, మేమందరం లెక్కపెట్టాం. తడిగుడ్డలో చిక్కుకున్న కణాలు అవి. వాడు మళ్లీ రాయబోతే, అవి అలిసిపోయాయి అని చెయ్యి వెనక్కి తీసుకుని మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి చొక్కా చేతిని నీటిలో జాడించి వచ్చింది.

తెల్లారితే రథసప్తమి. వాళ్ల అమ్మగారు ముందురోజే జిల్లేడు ఆకులు కోసి ఉంచారు. రాత్రంతా ఉప్పునీళ్లలో నానిన పిల్ల ఆ ఆకులు తలమీద పెట్టుకుని స్నానం చేసి, పడుకుని, మధ్యాహ్నం దాకా లేవలేదట. ఆరు రోజుల తర్వాత వాళ్లు విమానం ఎక్కారు.

ఇప్పుడు ఫోటోల సంగతి. ఇంటర్నెట్‌లో మీరు చూసే ధగధగలాడే నీలి సముద్రం కెమెరా చూసినది, కన్ను చూసేది కాదు. కెమెరా పది, ఇరవై సెకన్ల పాటు కన్ను తెరిచి ఉంచి అన్ని మెరుపుల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటుంది. మన కంటికి అప్పుడప్పుడే పుట్టి ఆరేది కనిపిస్తుంది, అదీ రంగు తక్కువగా. ఫోటో చూసి వెళ్లినవాళ్లు ఇంతేనా అనుకుని వస్తారు. మెరుపు కదలడం, మన చేతికి బదులు చెప్పడం ఏ ఫోటోలోనూ ఉండదు కాబట్టి, మాకైతే కన్ను చూసిందే ఎక్కువ అనిపించింది.

అండమాన్ దాకా పోలేనివాళ్లకు వేరే చోట్లున్నాయి. కేరళలో కొచ్చి దగ్గర కుంబళంగి చెరువుల్లో ఎండాకాలంలో ఈ వెలుగు కనిపిస్తుంది. అక్కడ దానికి కవరు అని చక్కటి మాట ఉంది. 2019లో వచ్చిన కుంబళంగి నైట్స్ సినిమా తర్వాత ఆ మాట రాష్ట్రమంతా తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో చెన్నై బీచిలో అలలు నీలంగా వెలిగాయని జనం అర్ధరాత్రి పరుగెత్తారు. ఆ సందడిలో ఒక మాట ఎక్కువమంది చెవిన పడలేదు. వెలుగు ఉందంటే ఎప్పుడూ సముద్రం ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. మురుగునీరు, పొలాల ఎరువులు చేరినప్పుడు కూడా నాక్టిల్యూకా లెక్కకు మించి పెరగవచ్చు. అవి చచ్చి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, అమ్మోనియా పెరుగుతుంది. 2019 సెప్టెంబరులో మన్నార్ సింధుశాఖలో నాక్టిల్యూకా విపరీతంగా పెరిగి చేపలు, పగడాలు చచ్చిపోయాయి. అరేబియా సముద్రపు ఉత్తర భాగంలో చలికాలాల్లో ఆకుపచ్చ నాక్టిల్యూకా చాలా దూరం పరుచుకుంటోంది. అక్కడ మత్స్యకారులకు అది సంబరం కాదు. మడ అడవిలో అక్కడక్కడ మిణుకుమనేదీ, ఊరి మురుగు కలిసే చోట తీరం పొడుగునా మండేదీ చూడడానికి ఒకే రంగు.

మీరు బదిలీల మీద తిరిగే పిల్లలు. ఒక్కో ఊళ్లో ఒక్కో భాష చెవిన పడుతుంది. మిణుగురుని బెంగాలీలో జోనాకి అంటారు. మా గైడు సముద్రపు వెలుగునీ ఆ పేరుతోనే పిలిచాడు. హిందీలో జుగ్నూ. తమిళంలో మిన్మిని, మలయాళంలో మిన్నామిన్ని, కన్నడంలో మిణుకు హుళ. తెలుగుతో సహా ఈ నాలుగింటిలోనూ ఒకే మిన్ మెరుస్తోంది చూడండి. తమిళంలో మెరుపుకీ మిన్నల్ అనే పేరు. ఒడియాలో జుళుజుళియా అంటారు, పలికితేనే మిణుకుమంటుంది. మీరున్న ఊళ్లో పురుగుకి ఏమంటారో, సముద్రముంటే దాని రాత్రి వెలుగుకి ఏమంటారో పడవవాళ్లని, చేపలమ్మే వాళ్లని అడిగి, ఆ మాటను తెలుగు లిపిలో రాసి మాకు పంపండి. అడిగేటప్పుడు వెలుగు ఏ నెలలో ఎక్కువో కూడా అడగండి.

ఒక లెక్క కూడా ఇస్తున్నాం. పున్నమి దాటాక వ్యవహారం తిరగబడుతుంది. పున్నమినాడు పొద్దు గుంకేసరికే చంద్రుడు ఉదయిస్తాడు, తర్వాత తిథికి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యంగా వస్తాడు. సంకటహర చవితినాడు ఉపవాసమున్న అమ్మమ్మలు రాత్రి తొమ్మిది దాకా చంద్రుడి కోసం ఆకాశం వైపు చూసేది ఇందుకే. ఇప్పుడు చెప్పండి: బహుళ పంచమినాడు మీరున్న ఊళ్లో పొద్దు ఆరింటికి గుంకితే, చంద్రుడు ఎన్నింటికి వస్తాడు? కయాక్‌కు సాయంత్రం వెళ్లాలా, తెల్లవారుజామునా? మీ గడియారం, మీ పంచాంగం దగ్గర పెట్టుకుని, జవాబు సరిపోయిందో లేదో ఆ రాత్రి మేడమీదికెక్కి చూసుకోండి.